యముడూ మనమూ



దేశనూరులో గానీ, సిరుగుప్ప చుట్టుపక్కల ఏ పల్లెలో గానీ ఎవరైనా పోతే కట్ట మీద వినబడే మాట ఒకటే: "యముడు పిలిచినాడు, పోయినాడు." పక్కన కూర్చున్న కన్నడం మనిషి కూడా ఆయన పేరే చెబుతాడు. భాష మారినా దున్నపోతు మారలేదు.

ఆ యముణ్ణి మనలో ఎవరూ చూడలేదు. అయినా ఎలా ఉంటాడో చెప్పమంటే పిల్లవాడు కూడా చెబుతాడు. మెలితిరిగిన మీసాలు, భుజాన గద, చేతిలో పాశం, పక్కన చిట్టా పట్టుకున్న చిత్రగుప్తుడు. ఈ రూపంలో కొంత పురాణం ఇచ్చింది. మిగిలింది మన నాటకం, మన సినిమా కల్పించుకున్నాయి.

వేదంలో యముడు మనుషుల్లో మొదట మరణించి పరలోకానికి దారి కనుక్కున్నవాడు. కఠోపనిషత్తులో ఆయన ఒక గృహస్థు. తాను ఇంట లేనప్పుడు నచికేతుడనే బాలుడు మూడు రాత్రులు తిండి లేకుండా వాకిట ఉన్నాడని తెలిసి నొచ్చుకుని, మూడు వరాలిచ్చాడు. భారతంలో ఆయన పేరే ధర్మరాజు. ఎర్రన తెనిగించిన అరణ్యపర్వశేషంలో సావిత్రి ఆయన వెంటే నడిచింది. ఏడుస్తూ కూర్చోలేదు, మాట్లాడింది. మామగారి చూపు, పోయిన రాజ్యం, చివరకు భర్త ప్రాణం తిరిగి తెచ్చుకుంది.

ఈ కథను మన బళ్లారి రంగస్థలమూ ఎత్తుకుంది. సరసవినోదినీ సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853–1912) 'సావిత్రీ చిత్రాశ్వము' అనే నాటకం రాశారు. చిత్రాశ్వుడంటే సత్యవంతుడే. చిన్నతనంలో గుర్రాల బొమ్మలు చేసేవాడు గనుక ఆ పేరు వచ్చింది.

1933లో సి. పుల్లయ్య గారు తీసిన 'సతీ సావిత్రి'లో వేమూరి గగ్గయ్య యముడు. ఆయన గొంతుకు జనం జడిసేవారు. అదే పుల్లయ్య గారు 1960లో 'దేవాంతకుడు' తీశారు. అందులో ఎస్.వి. రంగారావు యముడు. ఈసారి జనం నవ్వారు. 1977లో 'యమగోల'లో రామారావు యమభటుల చేత సమ్మె చేయించాడు. యముడుగా కైకాల సత్యనారాయణ దిక్కు తోచక నిలబడ్డాడు. 1994లో 'యమలీల'లో ఆయనే, చేజారిన భవిష్యవాణి గ్రంథం కోసం భూమి మీదికి దిగి వచ్చాడు.

చావును చూసి ఎందుకు నవ్వుతాం? భయం లేక కాదు. మనకు తెలిసిన ఆఫీసులాగా యమలోకాన్ని కట్టుకున్నాం. అక్కడా దఫ్తరుంది, గుమాస్తా ఉన్నాడు, పొరపాట్లూ ఉన్నాయి. 1988 నాటి 'యముడికి మొగుడు'లో భటులు ఒకరికి బదులు ఒకరిని పట్టుకుపోయారు. తెరమీద అది చూసి చప్పట్లు కొట్టాం. "నా మనిషి కాలం తీరకుండానే పోయినాడే" అనే ఏడుపు ఆ చప్పట్ల వెనక ఉంది.

అయితే ఊళ్లో మనం చేసేది దీనికి తలకిందులుగా ఉంటుంది. కాలువ కింద వరిమళ్లలో పని చేసే రైతును పాము కరుస్తుంది. కట్టు బిగిస్తారు, గాటు పెడతారు, మంత్రం వేసేవాడి కోసం పరుగెత్తుతారు. పొద్దు వాలేసరికి మనిషి ఉండడు. "చిట్టాలో అంతే రాసుంది" అని యముడి మీదికి నెట్టేస్తాం. కరిచిన కాలు కదలకుండా ఉంచి, గాటు పెట్టకుండా, బండి కట్టి ఆసుపత్రికి చేర్చి ఉంటే విషానికి విరుగుడు సూది ఉంది. కాన్పు కష్టమైన తల్లి విషయంలోనూ, వాంతులు విరేచనాలతో ఎండిపోయే బిడ్డ విషయంలోనూ ఇదే మాట. ఇవి యముడి పిలుపులు కావు, మన ఆలస్యాలు.

సావిత్రి కథ విన్న జాతి మనది. ఆమె రాతను ఒప్పుకుని ఇంటికి తిరిగి రాలేదు. అడుగు వెంట అడుగు వేసింది, అడగవలసింది అడిగింది. ధర్మం తెలిసిన దేవుడు గనుక ఆయన విన్నాడు.

యముడు అందరింటికీ ఒకనాడు వస్తాడు. వచ్చిననాడు నచికేతుడిలాగా మర్యాదగా పలకరిద్దాం. అంతదాకా ఆయన చెయ్యని పనిని ఆయన ఖాతాలో రాయకుండా ఉందాం.