తూకము చూచి దోనెను కొనుడు
(దేవనహళ్ళి తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పప్పులును బెల్లమును అమ్ముకొను వర్తకుడు పడవలనుగూర్చి ప్రసంగించుట ఏమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నేను మెట్రిక్యులేషను వరకే చదివినవాడను. పైగా మన ఊర పడవ నడచు నీరే లేదు. మన నందికొండల ప్రాంతమున పుట్టి ఉత్తర పినాకిని నెల్లూరు సీమకును, దక్షిణ పినాకిని తమిళ దేశమునకును పోవుచున్నవి గాని, పుట్టినచోట అవి వానకాలపు వాగులే. మన పెద్దలు ఇచ్చట స్థిరపడి ఎన్ని తరములైనను చెరువును, బావిని తప్ప పెద్ద నీటిని ఎరుగము.

అయినను కాలము మారినది. మన ఇండ్ల పిల్లలు శనివారము వచ్చినచో దండేలి ప్రాంతపు కాళీ నదికిని, వానకాలమున కొడగులోని బరపొళె నదికిని పోవుచున్నారు. కొందరు గాలి నింపిన తెప్పలలో దిగివచ్చి తృప్తిపడుదురు. మరికొందరు నురుగు నీటిలో ఎగిరి పిల్లిమొగ్గలు వేయు చిన్న దోనెలను కొనగోరుచున్నారు. వారి తల్లిదండ్రులు మా దుకాణమునకు వచ్చి, "అన్నయ్యా, పిల్లవాడు పట్టుబట్టినాడు, కొనిపెట్టవచ్చునా? ఏది కొనవలెను?" అని అడుగుచున్నారు. అందరికిని ఒక్కమారే సమాధానము చెప్పుటకై లేచితిని.

ముందుగా నా తప్పు చెప్పుకొనవలెను. నాలుగేండ్ల క్రిందట మా అక్కగారి కుమారుడు అట్టి దోనె కావలెననెను. ఒకరు వాడి విడిచినది అమ్మకమునకు వచ్చినది. నేను స్వయముగా వెళ్ళి బేరమాడి, అడిగిన ధరలో మూడవ వంతు తగ్గించి కొనిపించితిని. రంగు బాగున్నది, గీతలు తక్కువగా ఉన్నవి, ఇంతకు మించి నేను చూచినది లేదు. వాడు అందు కూర్చుండి, "మామయ్యా, మోకాళ్ళు ఇరుకుగా ఉన్నవి" అనెను. "క్రొత్త చెప్పు కరవదా? నాలుగు నాళ్ళలో సరిపోవును" అంటిని. ఆ వానకాలమున నదిలో దోనె బోర్లపడినప్పుడు వాని మోకాళ్ళు లోపల ఇరుకుకొని వాడు వెలుపలికి రాలేకపోయెను. దగ్గరనున్న స్నేహితు లిద్దరు దోనెను పట్టి తిప్పినందున బ్రదికెను. మా అక్క నన్ను ఒక్క మాటయు అనలేదు. అనకపోవుటయే నాకు నేటికిని బాధ.

తరువాత విచారింపగా ఆ దోనె 45 మొదలు 65 కిలోల మనిషికై చేసినదని తెలిసినది. మావాని బరువు 82 కిలోలు. దుకాణమున పావు కిలో తేడా వచ్చినను ఊరకుండనివాడను, పిల్లవాని ప్రాణము పెట్టు వస్తువును కొనునప్పుడు తూకమును అడుగనే లేదు.

అందుచేత నేడు నేను చెప్పునదంతయు తూకమును గూర్చియే.

ఈ ఆట ఎట్టిదో పెద్దలకు కొంచెము వివరింతును. తుంగభద్రలో హరిగోలును మీరు చూచియుందురు. అది మనుష్యులను, బరువులను దాటించుటకు ఏర్పడినది. ఈ దోనె ఎవరిని ఎక్కడికిని చేర్చదు. నది ఒక రాతి మెట్టుమీదినుండి దుమికి, అడుగున తిరుగబడి, ఎగువకు పొరలుచుండు చోటు ఒకటి ఉండును. దానిని హోల్ అందురు. దోనెవాడు ఆ పొరలు నీటిలోనే నిలిచి, ముక్కును నీటిలోనికి పొడిచి, ఎగిరి, గాలిలో తిరిగి మరల అక్కడనే వ్రాలును. ముందుకు వేయు పిల్లిమొగ్గను లూప్ అందురు. హోల్ గాక, నునుపుగా నిలిచియుండు కెరటముపై వేగముగా జారి, ఎగిరి, మరచీలవలె తిరుగుట ఎయిర్ స్క్రూ. పోటీలలో ఒక్కొక్కరికి 45 సెకండ్లు మాత్రమే కాలము. నీటిని విడిచి గాలిలో చేసినచో అధికముగా గుణములు ఇత్తురు. 2007లో కెనడాలోని ఒటావా నదిపై ఇట్టి ప్రపంచ పోటీలు జరిగినవి. మన పొరుగుననే, కేరళలోని కోళిక్కోడు జిల్లాలో, తుషారగిరి ప్రాంతపు నదులపై 2013 నుండి మలబార్ నదీ ఉత్సవము జరుగుచు వచ్చినది. 

దోనె ఎందుచేత ఎగురును? మా తాతల కాలమున ఈత నేర్చువారు నడుమునకు ఎండు సొరబుఱ్ఱలు కట్టుకొనెడివారు. మా కాలమున ఖాళీ నూనె డబ్బా కట్టుకొంటిమి. ఆ డబ్బాను రెండు చేతులతో నీటిలోనికి అదిమి విడిచినచో ఏమగును? మొగము మీదికి ఎగిరివచ్చును. దోనె ఎగురుటకును ఇదియే మూలము. ముక్కును ముంచగలిగినంత మునుగవలెను. విడిచినప్పుడు తన్నుకొని లేవవలెను. మరీ పెద్ద డబ్బా అయినచో మనము అదుమనే లేము. మరీ చిన్నదైనచో సులభముగా మునుగును గాని పైకి తన్నదు.

ఇప్పుడు లెక్క చూతము. ఒక లీటరు నీరు ఒక కిలో తూగును గదా. మనిషి 80 కిలోలు, దోనె 15 కిలోలు, శిరస్త్రాణము, ప్రాణరక్షక కవచము, తడిసిన బట్టలు కలిపి 5 కిలోలు, మొత్తము 100 కిలోలు. తేలుటకు 100 లీటర్ల నీటిని తొలగింపవలెను. దోనె ఘనపరిమాణము 200 లీటర్లయినచో 100 లీటర్లు మిగులు. ఆ మిగులే ఎగురుటకు పెట్టుబడి. 160 లీటర్ల దోనెలో అతనికి మిగులు 60 మాత్రమే; నిలిచిన నీటిలోనే అంచులు తడియును. 300 లీటర్ల దోనెలో మిగులు 200. ముక్కును ముంచుటకు నడుము విరుచుకొనవలెను. పెద్దవారికై చేసిన ఇట్టి దోనెలు ఇంచుమించు 150 నుండి 250 లీటర్ల మధ్య ఉండును. 1993, 2001, 2005, 2007 సంవత్సరములలో ప్రపంచ విజేతయైన ఎరిక్ జాక్సన్ పేర వెలసిన కంపెనీ ఒకే నమూనాను చిన్న, మధ్యమ, పెద్ద అను కొలతలలో చేసినది. గొప్ప నమూనాయైనను అందరికి ఒకే కొలత చాలదని దీనివలన గ్రహింపవచ్చును.

కావున తయారుచేసినవారు చెప్పిన బరువు హద్దులను ముందు అడుగుడు. మీ పిల్లవాని బరువు ఆ హద్దుల నడుమ పడవలెను. చివరి అంచున పడినచో, నేర్చుకొనువానికి ఒక కొలత పెద్దదియే మేలు. ఆడపిల్లలున్న వారికి ఒక మనవి. అన్న వాడిన దోనె చెల్లెలికి చాలుననుకొనకుడు. 50 కిలోల పిల్లకు 80 కిలోలవాని దోనె ఇచ్చి, అది కదలనప్పుడు ఆడపిల్లకు ఈ ఆట చేతగాదనుట అన్యాయము. పోటీలలో స్త్రీలకు ప్రత్యేక విభాగమే కలదు.

తూకము తరువాత ఆకారము. ఎగురు దోనె పొడవు రెండు మీటర్లకు లోపుగానే ఉండును. అడుగు పలకవలె చదునుగా నున్నచో నీటిపై జారును. ముక్కు పైకి వంగియున్నచో కెరటమున గ్రుచ్చుకొనదు. ఘనపరిమాణములో ఎక్కువ భాగము కూర్చుండువాని చుట్టును, చివరలు పలుచగాను ఉండవలెను. చివరలు మునుగును, నడుమ భాగము తన్నును. ప్రక్క అంచులు వాడిగా నున్నచో నేర్పరికి త్రిప్పుట సులభము. నేర్వనివానికి ఆ అంచే నీటిలో చిక్కి దోనెను బోర్లించును.

ఇచ్చట మరియొక భేదము చెప్పవలెను. కూర్చుండి రెండు కొనల తెడ్డుతో నడుపునది కయాక్. మోకరిల్లి ఒక కొన తెడ్డుతో నడుపునది కనో. కయాక్‌లో ఆసనము మార్చి కనోగా వాడువారును కలరు. మోకరిల్లినవాని శరీరము ఎత్తున నుండును గనుక దోనె త్వరగా ఒరగును. అట్టివాడు కొంచెము ఎక్కువ మిగులును, వెడల్పును చూచుకొనవలెను. తొడలపై కట్టు పట్టీ ఒక్క లాగుతో ఊడవలెను. మోకాళ్ళ నొప్పులున్నవారు కనో జోలికి పోకుండుట మంచిది.

ఇక ఇమిడిక. నడుము, తొడలు, పాదములు దోనెకు అంటియుండవలెను. లేనిచో మన కదలిక దానికి చేరదు. అయినను బోర్లపడినప్పుడు నీరుచొరకుండ కట్టు గుడ్డ ముందరి పట్టీని లాగి, వెంటనే వెలుపలికి రాగలుగవలెను. చెప్పు కరచుట వేరు, దోనె కరచుట వేరు. దీనిని నేను ఎంత వెల ఇచ్చి నేర్చితినో మీకు చెప్పితిని. కొనకముందే ఈత కొలనులో, తోడు మనిషిని ప్రక్కన నిలిపి, బోర్లపడి వెలుపలికి వచ్చి చూడవలెను. నిలిచిన నీటిలో దోనె ముందు వెనుకలు సమముగా తేలునట్లు ఆసనమును జరిపి చూడవలెను. ఇందుకు ఒప్పుకొనని అమ్మకందారు ఎంత తగ్గించి ఇచ్చినను కొనకుడు.

పదార్థము విషయము క్లుప్తముగా చెప్పెదను. కార్బను దోనె తేలిక, అందుచేత ఎత్తుగా ఎగురును. కాని రాతికి తగిలినచో పగులును, వెలయు అధికము. ప్లాస్టిక్ దోనె బరువే గాని దెబ్బకు ఓర్చును. మన నదులు రాళ్ళ నదులు. మొదటి దోనె ప్లాస్టిక్‌దే ఉండవలెను. వాడినది కొనునప్పుడు ఆసనము క్రిందను, అంచుల వెంటను చీలికలు చూడుడు. లోపల నీరు పోసి ఒక గంట ఉంచినచో కారునో కారదో తెలియును. ఎండలో పడియుండి వెలిసిన ప్లాస్టిక్ పెళుసై ఉండును.

తల్లిదండ్రులారా, ఈ ఆటను మాన్పుడని నేను చెప్పుటలేదు. మా మేనల్లుడు తనకు తగిన దోనెతో మరల నీటిలో దిగినాడు. అయితే వాడు ముందు ఒక ఏడు సాధారణపు నదీ దోనెలో నేర్చి, బోర్లపడిన దోనెను లోపలినుండియే తిప్పి లేచు విద్యను సాధించిన తరువాతనే ఎగురు దోనెను ఎక్కినాడు. ఆ విద్య రానివారికి ఈ దోనె కొనియిచ్చుట, బండి నడుపరానివానికి పందెపు గుఱ్ఱము కొనియిచ్చుట వంటిది. దోనె నిలువుగా మునుగగల లోతు లేనిచోట పిల్లిమొగ్గ వేయరాదు. క్రింద రాయి, పైన తల. ఒంటరిగా ఎప్పుడును దిగరాదు. కాళీ వంటి నదులలో ఆనకట్టనుండి నీరు విడుచు వేళలను స్థానికుల నడిగి తెలిసికొనవలెను.

మా మేనల్లుడు రెండవ దోనెను కొనునప్పుడు నేను బేరమాడుటకు పోలేదు. వానిని దుకాణపు కాటాపై నిలువబెట్టితిని. శిరస్త్రాణము పెట్టించి, కవచము తొడిగించి, బట్టలు తడిపించి తూచితిని. మా గుమాస్తాలు నవ్విరి. నవ్వనిండు. ఆ కాటా మీకందరికిని తెరచియే ఉన్నది. ఏ పిల్లవాడైనను, ఏ పిల్లయైనను దోనె కొనదలచినచో ముందు మా దుకాణమునకు రావచ్చును. తూకమునకు రుసుము లేదు.