నాపరాతి వ్యాపారమూ, స్త్రీలూ

ఇల్లు కట్టించుకొన్న తెలుగు కుటుంబాలలో తాండూరు బండ పేరు విననివారు అరుదు. నీలివన్నె గలది, పసుపు ఛాయ గలది అని అందులో రకాలున్నవి. అది సున్నపురాతి జాతికి చెందిన నాపరాయి. భూమిలో పొరలు పొరలుగా ఏర్పడి ఉన్నందువలన గనిలో పలకలుగా విడివడుతుంది. ఈ ఒక్క గుణమే తాండూరుకు జీవనాధారమైనది. గనుల వెంట కోతమిల్లులు, నునుపుపట్టే పాలిషింగు యూనిట్లు వెలసినవి. ఆ సున్నపురాయే సిమెంటు కర్మాగారాలను కూడ అచ్చటికి రప్పించినది. 2016 అక్టోబరులో వికారాబాదు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు తాండూరు అందులో చేరినది. తాండూరులో రాయి, వికారాబాదులో కట్టడాలు, రెంటినీ కలిపే రైలు మార్గము: గృహనిర్మాణ వృత్తిలో స్వయంగా నిలదొక్కుకోదలచిన వారికి ఇంతకంటె అనువైన చోటు మరేమి కావలెను?

అయితే ఆ వారిలో స్త్రీలకు చోటున్నదా అనునది నేటి ప్రశ్న.

ఈ వృత్తి స్త్రీలకు కొత్తది కాదు. రాళ్లు మోసినవారు, కంకర కొట్టినవారు, మాలు కలిపి అందించినవారు, కట్టిన గోడకు నీరు పట్టినవారు మన ప్రాంతంలో ఎందరో స్త్రీలు. కాని ఒక విచిత్రమున్నది. పురుషుడు కూలివాడుగా ప్రవేశించి, కొన్నేండ్లకు తాపీ పట్టి మేస్త్రీ అవుతాడు. మరికొన్నేండ్లకు పనులు గుత్తకు తీసుకొని గుత్తేదారు అవుతాడు. స్త్రీ కూలిగా ప్రవేశించి, కూలిగానే వృద్ధురాలవుతుంది. మేస్త్రీ, గుత్తేదారు అను మాటలకు మన వాడుకలో స్త్రీలింగ రూపమే లేదు. బలము చాలదందుమా, బరువు మోయునది ఆమెయే. మరి అడ్డు ఎక్కడ ఉన్నది? కొలతకర్ర, లెక్కపుస్తకము, సంతకము – ఈ మూడూ ఆమె చేతికి రాకపోవుటలోనే ఉన్నది.

మొదట కొలత సంగతి చూతము. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది ఉన్నదనుకొందాము. వైశాల్యము 120 చదరపు అడుగులు. రెండడుగుల చదరపు బండలు 30 సరిపోవునని తోచును. పగుళ్లకు, అంచుల కోతకు నూటికి పదివంతున కలిపితే 33 అగును. గోడల అడుగున నాలుగంగుళాల ఎత్తున స్కర్టింగు వేయవలెను. గది చుట్టుకొలత 44 అడుగులు. వాకిలికి మూడడుగులు పోగా 41. ఒక బండను కోస్తే పన్నెండడుగుల స్కర్టింగు వచ్చును గనుక, దానికి మరి నాలుగు బండలు. మొత్తము 37. ముప్పదికి ధర చెప్పి పని ఒప్పుకొన్నవారు ఏడు బండల ఖరీదు తమ కష్టములో నుండి పెట్టుకొనవలసినదే. ఈ వృత్తిలో నష్టపోయినవారు అనేకులు పని రాక కాదు, ఈ చిన్న లెక్క తప్పి నష్టపోయినవారు. ఇంటి ఖర్చును పైసాతో సహా సరిచూచుకొను ఇల్లాలికి ఇది అందని విద్య కాదు.

రెండవది పెట్టుబడి. బండలకు ముందే రొక్కము చెల్లించవలెను. ఇంటి యజమాని ఇచ్చు సొమ్ము పని ముగిసిన పిదప గాని చేతికి రాదు. ఈ మధ్యకాలమును దాటించునది అప్పు. అప్పునకు హామీ కావలెను. హామీకి ఆస్తి కావలెను. ఆ ఆస్తి తరచు తండ్రి పేరనో, భర్త పేరనో ఉంటుంది. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టమును సవరించి, అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమానమైన హక్కు కల్పించారు. 2005లో దేశమంతటా కుమార్తెలందరికీ అట్టి హక్కు వచ్చినది. 2016లో ఆరంభమైన స్టాండప్ ఇండియా పథకము, ప్రతి బ్యాంకు శాఖ కనీసము ఒక స్త్రీకి 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు ఋణమివ్వవలెనని ఉద్దేశించినది. చిన్న సంస్థలకు 2020 నుండి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. కాని ఏ కాగితమైనను ఆమె పేరనే ఉండవలెను. పేరు భార్యది, పెత్తనము భర్తది అయినచో అది ఆమె వ్యాపారము కాదు.

ఈ దారిన నడచినవారు లేకపోలేదు. 1953లో బొంబాయిలో సివిల్ ఇంజనీరింగు పట్టము పొందిన శకుంతలా భగత్, 1970లో భర్తతో కలిసి క్వాడ్రికాన్ అను సంస్థను స్థాపించి, ఉక్కు భాగాలను కూర్చి వంతెనలు కట్టు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చారు. మన హైదరాబాదులో 1993లో మహిళా పారిశ్రామికవేత్తలు ‘అలీప్’ అను సంఘముగా ఏర్పడి, గాజులరామారములో స్త్రీల కొరకు పారిశ్రామికవాడను నెలకొల్పుకొన్నారు. విడివిడిగా తలుపు తట్టినప్పుడు తెరువనివారు, పలువురు కలిసి తట్టినప్పుడు తెరిచారు.

యజమానురాలైన పిదప ఆమెపై మరొక బాధ్యత పడుతుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు శత్రువు. కోసేటప్పుడు నీరు పోయుట, ముక్కుకు ముసుగు ఇచ్చుట ఖర్చుగా ఎంచరాదు. సమానమైన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టము వచ్చినది. తాను కూలిగా ఉన్ననాడు కోరుకొన్న న్యాయమును తన వద్ద పనిచేయువారికి ఇచ్చినప్పుడే ఆమె ఎదుగుదలకు అర్థము.

శ్రోతలలో ఇల్లు కట్టించుచున్నవారు, కట్టించదలచినవారు ఉందురు. బండలు పరచుటకు ఒక స్త్రీ ముందుకు వస్తే, మొత్తము ఇల్లు అప్పగించుటకు మనసొప్పకున్న ఒక గదినైనా ఇచ్చి చూడండి. పని ముగిసిన పిమ్మట రసమట్టము పెట్టి పరీక్షించండి. మట్టము సరిగా ఉన్నచో కొలత ప్రకారము సొమ్ము వెంటనే చెల్లించి, రసీదు ఆమె పేరుననే తీసుకొనండి. రెండవ గది పని ఆమె అడుగకముందే మీరే ఇత్తురు.