పంట్లో పాదరసం... పీకించుకుంటే ఒంట్లో బాగవుతుందా?

ఈరోజు ఎపిసోడ్ మా చెల్లి వల్ల చేస్తున్నా.

మొన్న రాత్రి పదకొండుకి ఫోన్ చేసింది. ఇప్పుడు తనకి ఐదో నెల. "అన్నయ్యా, నా నోట్లో పాదరసం ఉందంట, బిడ్డకి ఏమైనా అవుతుందా?" అని ఒకటే ఏడుపు. ఇంటర్‌లో ఉన్నప్పుడు రెండు దవడ పళ్లకి సిల్వర్ ఫిల్లింగ్ పెట్టించాం, మన ఊళ్లల్లో సిమెంట్ అంటాం కదా, అది. ఏదో రీల్ చూసిందట. ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే రెండూ తీసేసి, 'డీటాక్స్'తో కలిపి 38 వేలు అన్నారట. మర్నాడు పొద్దున్నే అపాయింట్‌మెంట్ కూడా తీసేసుకుంది!

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. రీల్‌లో చెప్పిందంతా అబద్ధం కాదు. సిల్వర్ ఫిల్లింగ్‌లో సుమారు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. నమిలినప్పుడు కొంచెం కొంచెం ఆవిరి వస్తుంది, అదీ నిజమే. ఈ భయం కొత్తది కూడా కాదు. 1990లోనే అమెరికాలో '60 మినిట్స్' టీవీ ప్రోగ్రామ్‌లో ఇదే టాపిక్ వచ్చింది. అప్పట్లో రీల్స్ లేవు, అంతే తేడా.

అసలు ప్రశ్న ఏంటంటే, తీయించుకుంటే బాగవుతుందా?

దీన్ని జర్మనీలో నేరుగా పరీక్షించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. "నా జబ్బుకి ఈ ఫిల్లింగులే కారణం" అని గట్టిగా నమ్మే 90 మందిని తీసుకుని మూడు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకి ఫిల్లింగులు తీసేశారు. రెండో గ్రూపుకి తీసేసి, విటమిన్లతో డీటాక్స్ కూడా ఇచ్చారు. మూడో గ్రూపుకి పళ్లు ముట్టుకోలేదు, ఆరోగ్యంగా ఉండడం ఎలాగో నేర్పించారు. ఏడాది తర్వాత చూస్తే మూడు గ్రూపుల వాళ్లకీ బాగానే తగ్గింది! గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. తీయించుకున్న వాళ్ల ఒంట్లో పాదరసం తగ్గింది, నిజమే. కానీ ఒంట్లో బాగవడం మాత్రం తీయించుకోని వాళ్లకీ అంతే జరిగింది.

వాళ్లు నాటకాలాడారని నేననను. నొప్పి నిజం, తగ్గడం నిజం. కారణం మాత్రం వేరే ఉంది. నన్నడిగితే, మన గోడు ఓపిగ్గా వినేవాళ్లు దొరికితేనే సగం తగ్గుతుంది.

పిల్లల మీద కూడా అమెరికాలో, లిస్బన్‌లో ఏళ్ల తరబడి చూసి 2006లో ఫలితాలు చెప్పారు. సిల్వర్ వేసిన పిల్లలకీ, తెల్లది వేసిన పిల్లలకీ తెలివితేటల్లో తేడా కనబడలేదు.

"మరి యూరప్‌లో బ్యాన్ చేశారుగా?" అంటారు. చేశారు, 2025 జనవరి నుంచి. అది కొత్తగా వేయడం మీద. పాదరసం నీళ్లల్లో, చేపల్లో చేరకూడదనేది అందులో పెద్ద కారణం. ఉన్నవి పీకేయమని కాదు.

అమెరికా ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది కూడా వినండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్ల లోపు పిల్లలు, కిడ్నీ జబ్బు, నరాల జబ్బు ఉన్నవాళ్లు కొత్తగా సిల్వర్ వేయించుకోకపోవడం మంచిది. కానీ బాగున్న ఫిల్లింగ్‌ని ఊరికే తీయించుకోవద్దు. ఎందుకంటే డ్రిల్ పెట్టి తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. అంటే మా చెల్లి భయపడి చేయబోయిన పనే, ఐదో నెల్లో చేయకూడని పని.

తీయాల్సిన సందర్భాలు లేకపోలేదు. ఫిల్లింగ్ విరిగినా, కింద మళ్లీ పుచ్చినా, పాదరసం అలర్జీ ఉన్నా, ఫిల్లింగ్ తగిలేచోట బుగ్గ లోపల తెల్లని చారలు, పుండ్లు వచ్చినా డాక్టర్ చూసి తీస్తారు. అలాంటి పుండ్లు తీశాక చాలామందికి మానతాయి కూడా.

ఇదంతా చెప్పేసరికి రాత్రి ఒంటిగంట అయింది. "మరి ఆ క్లినిక్ వాళ్లు నాకు ఐదో నెల అని తెలిసి కూడా రమ్మన్నారేంటి అన్నయ్యా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసింది. నిన్న వేరే డాక్టర్‌కి చూపించాం. రెండు ఫిల్లింగులూ గట్టిగా ఉన్నాయట. పక్క పంటికి చిన్న పుచ్చు కనబడితే దానికి తెల్లది వేశారు.