ఉప్పు కాని ఉప్పు

(బుక్కపట్నంలో కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల కోసం చేసిన ఉపన్యాసం)



ఈ రోజు మనం ఒక తెల్లని పొడి గురించి మాట్లాడుకుందాం. దాని పేరు సోడియం సల్ఫేట్. నోరు తిరగడం లేదు కదూ? కూడబలుక్కుని చదవండి. సో-డి-యం. సల్-ఫేట్. ఈ రెండు మాటలు చదవడం వస్తే మనకు డబ్బు మిగులుతుంది. ఇంట్లో పిల్లలకు క్షేమం కూడా.

ఇది చూడటానికి అచ్చం ఉప్పే. నీళ్లలో ఉప్పులాగే కరుగుతుంది. వాసన ఉండదు. కానీ కూరలో వేసే ఉప్పు కాదు. రుచికి చేదుగా ఉంటుంది. కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి. దాదాపు 400 ఏళ్ల కిందట యూరప్‌లో గ్లౌబర్ అనే ఆయన ఒక ఊట నీటిలో దీన్ని కనిపెట్టాడు. దీనికి 'అద్భుతమైన ఉప్పు' అని పేరు పెట్టాడు. ఆ కాలంలో విరేచనాల మందుగా వాడేవారు. ఇప్పుడూ రంగుల అంగళ్లలో 'గ్లౌబర్ సాల్ట్' అని అమ్మేది ఇదే.

మన దేశంలో రాజస్థాన్‌లోని డీడ్వానా ఉప్పు సరస్సులో ఇది దొరుకుతుంది. రేయాన్ నూలు తీసే ఫ్యాక్టరీలలో కూడా, నూలుతో పాటు ఇది తయారవుతుంది.

ఇంతకీ దీనితో మనకేం పని? చాలా పని ఉంది.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది. ధర్మవరంలో పట్టు మగ్గాలు ఉన్నాయి. ఆ గూళ్ల నుంచి తీసిన నూలుకు రంగు అద్దాలి. వేడి నీళ్లలో రంగు కలిపి, పట్టు నూలు ముంచితే ఏమవుతుంది? పట్టు రంగును గబగబా పీల్చేస్తుంది. ఒక చోట ముదురు, ఒక చోట లేత. చీరంతా మచ్చలు, చారలు. అందుకని ఆ నీళ్లలో సోడియం సల్ఫేట్ వేస్తారు.

అది చేసే పని ఏమిటి? పెళ్లిలో బంతి భోజనాలు చూశారు కదా. అందరూ ఒక్కసారి ఎగబడితే తోపులాట. ముందే కొందరు కూర్చుని ఉంటే, వాళ్లు లేచే కొద్దీ ఒక్కొక్కరు నిదానంగా కూర్చుంటారు. ఇక్కడా అంతే. ఉప్పు ముందుగా పట్టు మీద చోటు పట్టుకుంటుంది. రంగు మెల్లమెల్లగా వచ్చి ఆ చోట చేరుతుంది. రంగు నిలకడగా, ఒకే తీరుగా పడుతుంది. పత్తి నూలుకు దీని పని వేరు. అక్కడ నీళ్లలోని రంగును నూలు వైపు తోస్తుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. బజారులో ఇది రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి అద్దంలా మెరిసే పలుకులు. రెండోది ఎండు పొడి. పలుకులలో నీళ్లు దాగి ఉంటాయి. చేత్తో పట్టుకుంటే తడి తెలియదు. కానీ 10 కిలోల పలుకులలో అసలు ఉప్పు సుమారు 4 కిలోల 400 గ్రాములే. మిగతా 5 కిలోల 600 గ్రాములు నీళ్లే! ఎండు పొడిలో నీళ్లుండవు. సంచి మీద 'అన్‌హైడ్రస్' అని రాసి ఉంటే నీళ్లు లేనిదని అర్థం.

రంగుల చీటీలో 'పలుకులు 1 కిలో' అని ఉందనుకోండి. మన దగ్గర ఎండు పొడి ఉంది. ఎంత వేయాలి? 440 గ్రాములు చాలు. తెలియక కిలో వేస్తే రెట్టింపు కంటే ఎక్కువ పడినట్టు. రంగు తేడా వస్తుంది, డబ్బూ దండగ. కొనేటప్పుడు కూడా ఈ లెక్క వేసుకునే ధర అడగాలి.

ఇంకో సంగతి. ఈ పలుకులు సుమారు 32 డిగ్రీల వేడికే కరిగి, తమ నీళ్లలో తామే నానతాయి. మన సీమ ఎండల సంగతి చెప్పాలా? చైత్ర వైశాఖాలలో రేకుల ఇంట్లో పెట్టిన మూట తడిసిపోతుంది. ఎవరో నీళ్లు పోశారని కోడలి మీద కేకలేయకండి! చల్లని చోట, మూత గట్టిగా బిగించి పెట్టండి. మూత తీసి వదిలేస్తే నీరంతా గాలికి పోయి, పలుకులు తెల్లని పొడి అవుతాయి.

కరిగేటప్పుడు ఇది చాలా వేడిని దాచుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు ఆ వేడిని వదులుతుంది. మరియా టెల్కెస్ అనే మహిళా శాస్త్రవేత్త దీన్ని వాడుకుంది. 1948లో అమెరికాలోని డోవర్ అనే ఊళ్లో, ఎండ వేడిని ఈ ఉప్పులో దాచి, చలికాలంలో ఇంటిని వెచ్చగా ఉంచే ఏర్పాటు చేసింది. ఆ ఇంటి నమూనా గీసింది కూడా ఒక మహిళే, ఎలినార్ రేమండ్.

సీసాలు, అద్దాలు చేసేటప్పుడు కరిగిన గాజులో బుడగలు పోవడానికి దీన్ని వేస్తారు. అట్టపెట్టెల గట్టి కాగితం చేయడంలోనూ దీని వాడకం ఉంది. సబ్బుపొడిలో కూడా కలుపుతారు. అయితే మురికి వదిలించేది ఇది కాదు. పొడి గడ్డకట్టకుండా, తూకం నిండేలా చేస్తుంది. అందుకే పెద్ద పొట్లం, తక్కువ ధర అని మురిసిపోవద్దు. ఎన్ని బట్టలు ఉతికిందో చూడండి.

బట్టలు ఉతికితే చేతులు మండుతాయి కదా. అది సోడియం సల్ఫేట్ వల్ల కాదు, బట్టల సోడా వల్ల. ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. పసుపు నీళ్లలో చిటికెడు సోడా వేయండి. ఎర్రగా మారుతుంది. సోడియం సల్ఫేట్ వేస్తే పసుపు పసుపుగానే ఉంటుంది. కానీ కూరల ఉప్పు వేసినా పసుపు మారదు. కాబట్టి ఉప్పేనా కాదా అని ఈ పరీక్షతో తేల్చలేం. నాలుకతో అసలే తేల్చవద్దు.

ఇక మన చౌడు నేలల మాట. ఎండాకాలం నేల మీద తెల్లగా పేరుకునే పాల చౌడులో ఈ ఉప్పు కూడా ఉంటుంది. కారు చౌడు వేరు. అందులో సోడియం మట్టిని పట్టుకుని నీరు ఇంకనివ్వదు. జిప్సం వేస్తే, అందులోని సున్నపు అంశం మట్టిలో చేరి సోడియాన్ని బయటికి తోస్తుంది. ఆ సోడియం సోడియం సల్ఫేట్‌గా మారి నీళ్లలో కరుగుతుంది. ఆ నీళ్లు కిందికి ఇంకాలి, కాలువగుండా చేను దాటి పోవాలి. జిప్సం చల్లి ఊరుకుంటే ఫలితం రాదు. మంచినీళ్లు పెట్టి కడగాలి. ముందు మట్టి పరీక్ష చేయిస్తే ఎంత జిప్సం కావాలో తెలుస్తుంది.

ఇదే కారణంగా రంగు అద్దిన నీళ్లను బావి దగ్గర, కాలువలో పారబోయకూడదు. చిత్రావతి నీళ్లే మన బుక్కపట్నం చెరువుకు వస్తాయి, ధర్మవరం వైపూ పోతాయి. ఉప్పు కలిసిన నీళ్లను గుడ్డతో వడగట్టినా ఉప్పు పోదు. కాచితే ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్లలో సల్ఫేట్ లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో నియమం. వేరే నీళ్లు లేనప్పుడు 400 వరకు ఒప్పుకుంటారు. బోరు నీళ్లు చేదుగా ఉంటే పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. అది మన హక్కు.

చివరగా మూడు మాటలు. రంగుల ఉప్పును వంటింట్లో పెట్టవద్దు. పాత ఉప్పు డబ్బాలో పోయవద్దు. డబ్బా మీద మీ చేత్తోనే పెద్ద అక్షరాలతో పేరు రాసి అంటించండి: 'సోడియం సల్ఫేట్. తినకూడదు.' మన ఇంట్లో అందరూ చదివే మొదటి బోర్డు మీరు రాసిందే కావాలి.