విందుకు ముందురోజే: తేలికైన బేక్డ్ బీన్స్

(మునిర్కాలో మన ఉద్యోగుల తెలుగు కుటుంబాలు ఉగాది కలయిక ఏర్పాట్ల కోసం సమావేశమైనప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. బ్యాంకువాడు కనక పొదుపు గురించో, సైబర్ మోసాల గురించో చెబుతాడని మీరు అనుకుని ఉంటారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. అంతటితో బ్యాంకు సంగతి అయిపోయింది. ఇక మిగిలిన సమయమంతా బేక్డ్ బీన్స్ గురించే మాట్లాడతాను.

నవ్వకండి, కారణం ఉంది. మన వాట్సాప్ గ్రూపులో కిందటి విందుల ఫొటోలు ఒక్కసారి వెనక్కి జరిపి చూడండి. ముప్ఫై మంది ఉంటారు. పిల్లలు ముందు వరసలో కూర్చుని ఉంటారు. ఆ పూట ఎవరింట్లో కలిశామో ఆ ఇంటావిడ మాత్రం ఫొటోలో ఉండదు. ఉన్నా, చివర్లో, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉంటుంది. అందుకే "ఈసారి ఎవరింట్లో?" అనగానే ఇందాక ఈ గదిలో ఎవరూ నోరు మెదపలేదు. ఎవరికీ మనసు లేక కాదు, ఒంట్లో ఓపిక లేక. ఆ తర్వాత ఎవరో నెమ్మదిగా "క్యాటరింగ్‌కి ఇచ్చేద్దామా?" అన్నారు. ఇవ్వొచ్చు. కానీ పనీర్ బటర్ మసాలా తినడానికి మనం కలుసుకోనక్కర్లేదు. దానికి ఔటర్ రింగ్ రోడ్డు దాటనక్కర్లేదు కూడా.

మనకి ఇక్కడ ఉగాది సెలవు లేదు. ఆ తర్వాత వచ్చే ఆదివారమే మన ఉగాది. మూడేళ్ళకోసారి బదిలీ అయ్యే ఉద్యోగాలు మనవి. ఢిల్లీలో అత్తగారు లేరు, పిన్నిగారు లేరు, పండక్కి ముందురోజు వచ్చి పిండి రుబ్బిపెట్టే పక్కింటి పెద్దావిడ లేరు. మునిర్కా గ్రామంలో పీజీ గదుల్లో ఉంటూ కొత్తగా ఉద్యోగంలో చేరిన మన ఆడపిల్లలు కొందరు ఇక్కడే కూర్చున్నారు. వాళ్ళకి గదిలో ఎలక్ట్రిక్ కెటిల్ తప్ప మరేమీ లేదు. ఇంటి అన్నం తినేది ఈ కలయికల్లోనే. ఇవి ఆగిపోతే మనకి పోయేది ఒక పూట భోజనం. వాళ్ళకి అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి ఇది ఆగకుండా ఉండాలంటే ఆ పూట వంట ఎక్కడ ఇరుక్కుంటోందో చూడాలి.

ఎంబీఏలో చదివినవాటిలో ఇంట్లో పనికొచ్చింది నాకు ఒక్కటే కనబడింది. ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఆయన 1984లో 'ద గోల్' అని ఒక నవల ప్రచురించాడు. నడుస్తున్న కథలో ఫ్యాక్టరీ పాఠం చెప్పే పుస్తకం. అందులో అసలు మాట ఏమిటంటే, ఫ్యాక్టరీలో ఎన్ని యంత్రాలున్నా సరే, అన్నిటికంటే నెమ్మదిగా నడిచే యంత్రం వేగమే ఆ ఫ్యాక్టరీ వేగం. దాన్ని బాటిల్‌నెక్ అంటారు. మిగతా యంత్రాల్ని ఎంత పరిగెత్తించినా లాభం లేదు. ఆ ఒక్కదాని మీద భారం తగ్గించాలి.

ఇప్పుడు మన డీడీఏ ఫ్లాట్ వంటిల్లు తలుచుకోండి. ఇద్దరు నిలబడితే మూడోవారు ఫ్రిజ్ తలుపు తీయలేరు. స్టవ్ మీద మూడు బర్నర్లు, మహా అయితే నాలుగు. పండగ రోజు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ మూడు బర్నర్ల మీదా పులిహోరకి అన్నం వండాలి, పోపు వేయించాలి, పప్పు ఉడకాలి, సాంబారు మరగాలి, పాయసం కలుపుతూ ఉండాలి, గారెలకి మూకుడు పెట్టాలి. పాయసాన్ని నిన్న చేయలేం, గారెల్ని అసలే చేయలేం. అంటే మన బాటిల్‌నెక్ ఇల్లాలు కాదు, బర్నరు. ఆవిడ ఎంత చురుగ్గా కదిలినా బర్నరు ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. ఆ క్యూలో మనం ఇంకో రెండు కూరలు తెచ్చి నిలబెడుతున్నాం. అవి ఆ క్యూలోంచి తప్పుకోవాలి. పొద్దున బర్నరు అడగని వంటకం కావాలి. ముందురోజు రాత్రే పూర్తయి, మర్నాటికి ఇంకా రుచిగా ఉండేది కావాలి. అలాంటివి మన వంటల్లో పులుసులున్నాయి, పచ్చళ్ళున్నాయి. వాటి పక్కన ఇంకొకటి చేర్చమని అడుగుతున్నాను.

బీన్స్ అనగానే మనకి గుర్తొచ్చేవి క్యారట్‌తో కలిపి కూర చేసే పచ్చటి కాయలు. నేను చెప్పేది ఆ జాతి గింజలనే. ఆ కాయలూ, ఢిల్లీ అంతా ఆదివారం మధ్యాహ్నం తినే రాజ్మా ఒకే వృక్షజాతికి చెందినవి. అమెరికా ఖండాల్లో పుట్టి, యూరప్ వాళ్ళ ద్వారా మన దేశానికి చేరాయి. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు పాతకాలం ఇళ్ళలో ఆదివారం పూట పొయ్యి వెలిగించకూడదన్న మతనియమం ఉండేది. అందుకని శనివారమే తెల్ల చిక్కుడు గింజల్ని మట్టికుండలో పెట్టి, చెరకు పాకం, ఉప్పు పట్టించిన పందిమాంసం వేసి, సన్నటి వేడిమీద గంటల తరబడి వదిలేసేవారు. మన ఊళ్ళలో పిడకల దాలిలో పాలు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరిచిపోయినట్టే అదీను. ఇప్పుడు సూపర్‌మార్కెట్లో డబ్బాల్లో దొరికేవి పేరుకే బేక్డ్. డబ్బాలో పెట్టి మూత బిగించాక ఆవిరి వేడికి ఉడికినవి. ముప్ఫై మందికి అలాంటి డబ్బాలు పది కావాలి. ఇంట్లో అయితే ముప్పావు కిలో రాజ్మా చాలు.

ఇక రుచి. తీపి, పులుపు, కాస్త ఆవ ఘాటు. ఇది మనకి కొత్త రుచా? బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు తిన్నవాళ్ళకి, ఆవపెట్టిన అరటికాయ కూర తిన్నవాళ్ళకి ఇది చుట్టరికం ఉన్న రుచే. అందుకే వాళ్ళ మొలాసిస్ బదులు బెల్లం, వెనిగర్ బదులు చింతపండు, వాళ్ళ ఆవపొడి బదులు మన ఆవపొడి. మాంసం ఊసు వదిలేద్దాం. ఇంకో సంగతి. ఢిల్లీలో పెరిగిన మన పిల్లలు పులుసు వడ్డిస్తే పళ్ళెం వెనక్కి లాక్కుంటారు. అదే రుచి రాజ్మాలో కనబడితే రెండోసారి అడుగుతారు.

గింజలు ఇక్కడ కొరత లేదు. జమ్మూలోని భదర్వా రాజ్మాకి 2023లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గింజ చిన్నది, రుచి గొప్పది. చారల చిత్రా రాజ్మా ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంది, మన పనికి అది సరిగ్గా సరిపోతుంది. ఉత్తరాఖండ్ మున్‌స్యారీ తెల్ల రాజ్మా దొరికితే బోస్టన్ వాళ్ళ గింజకి దగ్గరగా ఉంటుంది. ఏదైనా సరే, ఈ ఏడాది సరుకు తీసుకోండి. ఏళ్ళ తరబడి డబ్బాలో ఉన్న గింజ ఎంత ఉడికించినా రాయిలాగే ఉంటుంది.

శుక్రవారం రాత్రి 750 గ్రాముల గింజలు కడిగి, మూడు లీటర్ల నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు వేసి నానబెట్టండి. ఉప్పు వేస్తే తొక్క మెత్తబడుతుంది, పగలదు. బోరు నీళ్ళు వద్దు, వాటిలోని కాల్షియం గింజను గట్టిపరుస్తుంది. ఆర్వో నీళ్ళు వాడండి. ఏప్రిల్ దాటితే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే తెల్లారేసరికి నురగ కడుతుంది. శనివారం సాయంత్రం ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళతో కుక్కర్లో పెట్టండి. కుక్కరు సగానికి మించి నింపకూడదు. అయిదు లీటర్ల కుక్కరైతే రెండు వాయిలుగా పెట్టాలి. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి పదిహేను నిమిషాలు ఉంచి, ఆవిరి దానంతట అదే దిగనివ్వండి. గింజ వేళ్ళ మధ్య మెత్తగా నలగాలి, తొక్క మాత్రం ఊడకూడదు. ఉడికిన నీళ్ళు దాచండి.

ఈ కుక్కరు మెట్టు ఎవరూ దాటేయకండి. ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెబుతాను. రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. బాగా తెర్లే నీళ్ళలో ఉడికితే అది నశిస్తుంది. మరగని సన్నటి వేడిమీద, అంటే 80 డిగ్రీల దగ్గర, గంటలకొద్దీ ఉంచితే ప్రమాదం తగ్గకపోగా పెరగవచ్చు. పచ్చి గింజల్ని నేరుగా ఓవెన్‌లోనో, స్లో కుక్కర్‌లోనో పెట్టేసి "సులువుగా" చేస్తామంటే కుదరదు. ఓవెన్ మీద 150 అని ఉన్నా, లోపలి గింజలు ఎంత వేడెక్కాయో ఆ అంకె చెప్పదు. కుక్కర్లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మన పద్ధతే క్షేమం. ముప్ఫై మందికి, అందులో పసిపిల్లలకీ పెద్దవాళ్ళకీ పెట్టే వంట ఇది.

తర్వాత సాస్. పెద్ద ఉల్లిపాయలు నాలుగు, వెల్లుల్లి రెబ్బలు పదిహేను సన్నగా తరిగి, నాలుగు పెద్ద చెంచాల నూనెలో బాగా రంగు వచ్చేదాకా వేయించండి. కిలో టమాటాల గుజ్జు పోసి నూనె తేలనివ్వండి. 120 గ్రాముల బెల్లం, పెద్ద ఉసిరికాయంత చింతపండు రసం, రెండు చెంచాల కారం, చెంచా మిరియాలపొడి, రెండు చెంచాల ఆవపొడి, తగినంత ఉప్పు. బెల్లం అంతా అని భయపడే మధుమేహం ఉన్న పెద్దలకి లెక్క చెబుతాను. ముప్ఫై మందికి పంచితే మనిషికి నాలుగు గ్రాములు. అదీ వద్దంటే సగం వేయండి, మంచి వంటే. కార్తీకంలో చేసుకుంటే ఉల్లి, వెల్లుల్లి మానేసి అల్లం, ఇంగువ వేసుకోండి. నన్నడిగితే ఇంగువ వేసిందే బాగుంటుంది, కానీ మా ఇంట్లో ఈ అభిప్రాయానికి ఒక్క ఓటే ఉంది.

బెల్లం, పులుపు గింజలు ఉడికాకే ఎందుకు? ఆ రెండూ గింజని మెత్తబడనివ్వవు. ముందే వేస్తే రాత్రంతా ఉడికించినా ఉడకదు. ఉడికాక వేస్తే అదే గుణం మనకి మేలు చేస్తుంది. గింజ ఇక చితికిపోదు, ముద్ద కాదు. మన విందులకి ఇది ఎంత అవసరమో ఆలోచించండి. ద్వారకా వాళ్ళు పన్నెండింటికే వస్తారు. నోయిడా వాళ్ళు "దారిలో ఉన్నాం" అంటూ రెండున్నరకి వస్తారు. 2018లో మునిర్కాకి మెట్రో వచ్చాక కూడా వాళ్ళు కారులోనే వస్తారు. ఇద్దరికీ ఒకేలా ఉండే వంటకం గారె కాదు, పూరీ కాదు. ఇది.

గింజల్నీ సాస్‌నీ కలిపి, దాచిన నీళ్ళు గింజలు మునిగేంత పోసి, వెడల్పాటి ట్రేలో సర్ది, పైన ఫాయిల్ కప్పి ఓటీజీలో 160 డిగ్రీల దగ్గర గంట, ఫాయిల్ తీసి మరో అరగంట ఉంచండి. అన్నట్టు ఓటీజీ. 2020 లాక్‌డౌన్‌లో కేకుల కోసం కొన్నవి మనలో సగం మంది ఇళ్ళల్లో ఉన్నాయి. ఇప్పుడు వాటిలో మూకుళ్ళు దాస్తున్నాం. మూకుళ్ళు బయటికి తీయండి. ఓటీజీ లేనివాళ్ళు మందపాటి గిన్నెలో పెట్టి, అడుగున పెనం ఉంచి, సన్నటి సెగ మీద గంట ఉంచితే చాలు. అది శనివారం రాత్రి కదా, బర్నర్లు ఖాళీగానే ఉంటాయి.

బయటికి తీసినప్పుడు కాస్త జారుగా కనబడాలి, తెల్లారేసరికి దానంతట అదే చిక్కబడుతుంది. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, వంటింటి గట్టు మీద రాత్రంతా వదలొద్దు. మర్నాడు అంచుల్లోనే కాదు, మధ్యలో కూడా బుడగలు వచ్చేదాకా వేడిచేసి, దించే ముందు ఒక చెంచా ఆవపొడి నీళ్ళలో కలిపి పైన వేయండి. కూరకి ఆవపెట్టినట్టే. ఆ వాసన మూత తీయగానే తెలియాలి.

వడ్డన పులిహోర పక్కన బాగుంటుంది, పెరుగన్నం పక్కన ఇంకా బాగుంటుంది. పిల్లలకి పావ్‌తో, కుల్చాతో పెట్టొచ్చు. అవి తెచ్చే పని పీజీలో ఉండే అమ్మాయిలకి ఇద్దాం. ఊరికే వచ్చి తినడం మొహమాటంగా ఉందని వాళ్ళు కిందటిసారి నాతో అన్నారు. వాళ్ళకి వంటిల్లు లేకపోయినా మార్కెట్టు దగ్గరే ఉంది కదా.

ఇక ఆదివారానికి లెక్క చూసుకుందాం. ఇప్పటికి ముప్ఫై నాలుగు పేర్లు వచ్చాయి. కాబట్టి కిలో గింజలు, అన్నీ ఆ కొలతకి తగ్గట్టు పెంచుకుని, రెండు ట్రేలు, రెండు ఇళ్ళల్లో. ఆ రెండూ విందు జరిగే ఇల్లు కాకూడదు. ఓటీజీలో మూకుళ్ళు దాచుకున్నవాళ్ళు చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను.