ఆర్‌బ్రోత్ మఠం నుంచి వెళ్లిన ఉత్తరం

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఆర్‌బ్రోత్ అనే ఊరుంది. అక్కడ ఎర్ర ఇసుకరాతితో కట్టిన పాత క్రైస్తవ మఠం ఉంది. ఇప్పుడు పైకప్పు లేదు, మిగిలినవి మొండిగోడలే. కానీ ఒక దేశం తన స్వాతంత్ర్యాన్ని చాటుకున్న చోటు అది.

1320 ఏప్రిల్. బానక్‌బర్న్ యుద్ధంలో ఇంగ్లండును ఓడించి ఆరేళ్లయింది. అయినా స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్‌ను రాజుగా పోప్ ఒప్పుకోలేదు. అప్పుడు ఆర్‌బ్రోత్ నుంచి పోప్‌కు లాటిన్‌లో ఒక ఉత్తరం వెళ్లింది. దాని మీద ప్రభువుల ముద్రలున్నాయి. మేం స్వతంత్రులం, ఇంగ్లండుకు లొంగం అన్నది దాని సారాంశం.

అంతకన్నా గొప్ప మాట ఇంకొకటుంది. మా రాజే ఇంగ్లండుకు లొంగిపోతే, ఆయన్నీ తీసేసి వేరొకరిని రాజును చేసుకుంటామన్నారు! రాజుకన్నా దేశ స్వేచ్ఛే ముఖ్యమన్నమాట. రాజులదే రాజ్యమనుకునే ఆ రోజుల్లో ఎంత తెగువ!

ఎనిమిదేళ్ల తర్వాత ఇంగ్లండు ఒప్పందం చేసుకుని స్కాట్లాండ్ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.

మరో సంగతి. స్కాట్లాండ్ రాజుల పట్టాభిషేక శిలను ఇంగ్లండు ఎప్పుడో ఎత్తుకుపోయింది. 1950 క్రిస్మస్ నాడు స్కాటిష్ విద్యార్థులు దాన్ని లండన్ నుంచి తెచ్చేశారు. తర్వాత 1951లో అది ఈ మఠం శిథిలాల్లోనే కనిపించింది.

పోప్‌కు పంపిన అసలు ఉత్తరం ఇప్పుడు లేదు. స్కాట్లాండ్ దాచుకున్న ప్రతి మాత్రం ఎడిన్‌బరోలోని జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉంది.