తేదీ తప్పిన లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేను వర్తకుడను, చదువు మెట్రిక్యులేషనుతో నిలిచినది. గణాంకములను గూర్చి మాటలాడుటకు నేనెవ్వడనని మీరడుగవచ్చును. కాని చిఠ్ఠాలో తేదీ తప్పినచో వడ్డీ తప్పునని నా తండ్రిగారు చిన్ననాడే నేర్పిరి. ఆ పాఠమునే ఇప్పుడు కంప్యూటరు ముందర మరల నేర్చుకొనవలసి వచ్చినది.

మన యువకులు ఇల్లిల్లు తిరిగి కుటుంబముల జాబితా సిద్ధము చేసిరి. వృద్ధులకు వైద్యసహాయము, పిల్లలకు విద్యార్థి వేతనము నిర్ణయించుటకు వయస్సే ఆధారము. ‘ఆర్’ అను గణాంక సాఫ్టువేరుతో లెక్క వేయగా, 1934లో జన్మించిన ఒక పెద్దమ్మగారు ఇంకను పుట్టలేదని తేలినది! మనవారు ‘34’ అని మాత్రమే వ్రాసియుండిరి. రెండంకెల సంవత్సరమును ఆ సాఫ్టువేరు 00 మొదలు 68 వరకు 2000 తరువాతిదిగాను, 69 మొదలు 99 వరకు 1900 తరువాతిదిగాను గ్రహించును. ‘వికారి’ అని మాత్రము చెప్పినచో 1959లో వచ్చినదో, 2019లో వచ్చినదో ఎట్లు తెలియును? ఇదియు నట్టిదే.

రెండవ చిక్కు వరుసను గూర్చినది. 05/06/2010 అనగా మనకు జూన్ 5. అమెరికా వారికి మే 6. రోజు 12 దాటినచో తప్పు బయటపడును. దాటనిచో ఏటికి 132 తేదీలు ఎవ్వరి కంటను పడక తారుమారు కాగలవు. వరుస యేదియో చెప్పక ఇచ్చినచో ‘ఆర్’ దానిని క్రీ.శ. 5వ సంవత్సరము జూన్ 20గా చదువును. ఆక్షేపణ మాత్రము తెలుపదు.

మూడవది: ఈ సాఫ్టువేరులు తేదీని లోపల దినముల సంఖ్యగా దాచుకొనును. ‘ఆర్’ 1970 జనవరి 1 నుండి లెక్కించును. ‘శాస్’, ‘స్టాటా’ 1960 జనవరి 1 నుండి లెక్కించును. ఆ సంఖ్యను మాత్రమే ఒకదానినుండి మరియొకదానికి మార్చినచో 3653 దినములు తేడా వచ్చును.

నివారణ సులభము. 1988లో వెలువడిన ఐ.ఎస్.ఓ. 8601 అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి 2010-06-05 అని, ముందు సంవత్సరము, పిదప నెల, చివర రోజు వ్రాయవలెను. ఇట్లు వ్రాసినచో అక్షరక్రమమే కాలక్రమమగును. ఇంటివారు చెప్పిన మాటను వేరొక గడిలో యథాతథముగా నుంచవలెను. తేదీ తెలియనిచో జనవరి 1 అని పూరింపరాదు. ఆ గడిని ఖాళీగా విడువవలెను. ఖాళీ గడి మరల విచారింపుమని గుర్తు చేయును. కల్పిత తేదీ నిజమువలె నిలిచిపోవును.

ఆ పెద్దమ్మగారి పేరు ఇప్పుడు సహాయపు జాబితాలో చేరినది. అట్లు జారిపోయిన పేరు మరియొకటి ఉండరాదు. కావున ప్రతి కుటుంబమువారును తమ తేదీలను నాలుగంకెల సంవత్సరముతో మరియొకమారు సరిచూచి, కార్యకర్తలకు తెలుపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.